ప్రాతస్సంధ్య

రాత్రికిని పగటికిని నడుమనున్న వేళకు మన పెద్దలు సంధ్య యని పేరు పెట్టిరి. బడిలో వ్యాకరణము చెప్పి కాలము గడుపు మాబోంట్లకు ఈ పేరు చెవిని బడగానే సంధి తలపునకు వచ్చును. అకారమును ఇకారమును కలిసినచోట రెండును తమ రూపములు విడిచి ఏకారమను మూడవ ధ్వనిగా నిలుచును. వేకువయు అట్టిదే. అది రాత్రి కాదు, పగలును కాదు. రెండింటి కలయికయందు పుట్టిన మూడవ వేళ. తెలుగువారు దాని ఒక్కొక్క మెట్టునకు ఒక్కొక్క పేరు పెట్టుకొన్నారు: వేగుచుక్క పొడుచు వేళ, కోడి కూయు వేళ, మసకవెలుతురు, తెలతెలవారుట, ప్రొద్దుపొడుపు. ఖగోళశాస్త్రజ్ఞులకును మెట్లున్నవి. సూర్యుడు క్షితిజమునకు 18 డిగ్రీల దిగువనుండగా ఆకాశమున తొలి వెలుగు పుట్టుననియు, 12 డిగ్రీలకు వచ్చునప్పటికి నావికునకు సముద్రపుటంచు కానవచ్చుననియు, 6 డిగ్రీలకు వచ్చునప్పటికి దీపము లేకయే బయటి పనులు చేసికొనవచ్చుననియు వారందురు. మన గోదావరీ తీరమున ఈ కడపటి మెట్టు నిలుచునది 22, 23 నిమిషములు మాత్రమే. ఆ కొద్ది నిమిషములను గురించియే మేమిచట నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

ఈ వేళను ప్రార్థనతో ఎదుర్కొనవలెనను ఆచారము మన దేశమున మిక్కిలి ప్రాచీనము. దానిని గూర్చి మా బంధుమిత్రులలో రెండు పక్షములు కలవు. తాతతండ్రులు చేసిరి గనుక చేయవలెను, అర్థమడుగరాదు అనువారు ఒక పక్షము. ముక్కు పట్టుకొని నీళ్లు చల్లుకొన్నందువలన సూర్యునకు ఒరిగినదేమి, మనకు ఒరిగినదేమి అని నవ్వువారు రెండవ పక్షము. మొదటివారు తాము ఆచారమును కాపాడుచున్నామనుకొందురు. రెండవవారు తాము బుద్ధిని కాపాడుచున్నామనుకొందురు. ఈ ఆచారమున కోరబడునది బుద్ధియే యను సంగతిని ఇరువురును మరచిరి.

తెలియనివారికొరకు ఈ కర్మను సంగ్రహముగ చెప్పెదము. తెల్లవారుజామున లేచి స్నానము చేసి తూర్పుమొగముగ కూర్చుండి మొదట ఆచమనము చేయుదురు. అనగా ఉద్ధరిణితో అరచేతిలో కొంచెము నీరు పోసికొని మూడు మారులు పుచ్చుకొందురు. పిదప ప్రాణాయామము, శ్వాసను మెల్లగ పీల్చి, నిలిపి, విడుచుట. తరువాత సంకల్పము; తాను ఏ దేశమున, ఏ నదులనడుమ, ఏ సంవత్సరమున, ఏ ఋతువున, ఏ తిథిని ఉన్నాడో చెప్పుకొనుట. తరువాత మార్జనము, శిరస్సుపై నీరు చల్లుకొనుట. ఆ పిమ్మట లేచి నిలిచి దోసిట నీరు పట్టి తూర్పుదెసకు మూడు మారులు విడుచుట అర్ఘ్యము. అటుపై గాయత్రీ జపము. 108 మారులు గాని, తీరిక లేనివారికి 28 గాని, కడపట 10 గాని. తుదకు ఉపస్థానము, అనగా దేవుని ఎదుట నిలిచి స్తుతించుట. ఆపైని గోత్రప్రవరలు చెప్పుకొని వందనము చేయుట. చుక్కలుండగ చేసిన సంధ్య ఉత్తమము, చుక్కలు మాసిన పిదప చేసినది మధ్యమము, ప్రొద్దు పొడిచిన మీదట చేసినది అధమము అని పెద్దలు తరగతులు ఏర్పరచిరి. ఉపాధ్యాయులమగుటచే మాకీ విభజనము మిక్కిలి నచ్చును. మూడవ తరగతివానిని సైతము వారు తప్పించలేదు.

ఈ క్రమమున మాకు ముఖ్యముగ తోచునది ఒకటి. ఇందు మనుష్యుడు మొదట నోటిని, పిదప శ్వాసను, పిదప తన చోటును తన కాలమును, పిదప శరీరమును, కడపట బుద్ధిని మేలుకొలుపుచున్నాడు. నిద్రలేచుట క్షణకాలపు పని. మేలుకొనుట కొంతసేపటి పని. లేచియు మేలుకొనక దినమంతయు గడిపివేయుట సాధ్యమని మన పెద్దలకు బాగుగ తెలియును.

అర్ఘ్యమును గూర్చి తైత్తిరీయారణ్యకము రెండవ ప్రపాఠకమున ఒక కథ కలదు. వరము పొందిన రాక్షసులు సూర్యునితో నిత్యము పోరుచుందురట. గాయత్రిచే మంత్రించి విడిచిన నీరు వజ్రమై వారిని దూరపు ద్వీపమున పారవేయునట. పురాణములలో వారి పేరు మందేహులు. మంద, ఈహ అని పదమును విడదీసినచో, ఏ కోరికయు చురుకుగ లేనివారు, సోమరులు అని అర్థము చెప్పుకొనవచ్చును. అట్టి రాక్షసులు ఆకాశముననే కాక మన పడకలమీదను కనబడుచుందురు. ఇప్పుడు వారికి తలగడ ప్రక్కనుండు ఫోను సాయము వచ్చినది. కన్ను తెరువగనే, సూర్యునికంటె ముందుగ, దాని వెలుగు మన మొగముపై పడుచున్నది.

సూర్యుడు మన దోసెడు నీటికై ఎదురుచూచుచున్నాడని నమ్మవలసిన పనిలేదు. నావలో పోవువానికి ఒడ్డునున్న చెట్లు వెనుకకు పోవుచున్నట్లు తోచు విధముననే, కదలని నక్షత్రములు పడమటికి పోవుచున్నట్లు మనకు తోచునని ఆర్యభటుడు 499 నాటి ఆర్యభటీయమున చెప్పినాడు. తిరుగునది భూమి. మన యక్షాంశమున నేల గంటకు సుమారు 1,600 కిలోమీటర్ల వేగమున తూర్పునకు సాగుచున్నది. మరియొక వింత: బింబము మనకు క్షితిజముపై తొలుత కనబడు క్షణమున అది నిజముగ ఇంకను క్రిందనే యుండును, వాయుమండలము కిరణములను వంచుటచే ముందుగ కనబడును. ఆ కిరణములైనను బయలుదేరి 8 నిమిషములు దాటినవి. ఇవి తెలిసినచో ప్రార్థన చెడిపోవునని కొందరు భయపడుదురు. మాకట్లు తోచదు. సూర్యుడు మన యొద్దకు వచ్చుటలేదు, మనమే ఆయనవైపునకు తిరుగుచున్నామని శాస్త్రము చెప్పుచున్నది. తూర్పునకు తిరిగి నిలుచు మనుష్యుడు తన కాలిక్రింది నేల చేయుచున్న పనినే తెలిసి చేయుచున్నాడు.

ఇక మంత్రమునకు వత్తము. అది ఋగ్వేదము మూడవ మండలము 62వ సూక్తమునందలి పదియవ ఋక్కు. దాని ద్రష్ట విశ్వామిత్రుడు. పుట్టుకచే రాజని పురాణములు చెప్పు ఋషి. అందు ధనము కోరుట లేదు. పుత్రులను కోరుట లేదు. వర్షము కోరుట లేదు. శత్రువులు చావవలెనని కోరుట లేదు. సవితృదేవుని శ్రేష్ఠమైన తేజస్సును ధ్యానించుట, ఆయన బుద్ధులను ప్రేరేపించుగాక యని కోరుట, ఇంతియే దాని తాత్పర్యము. పిల్లలకు పదవిభాగము చెప్పు అలవాటు చొప్పున మేము ఆ ఋక్కును పరిశీలింపగా, అందలి క్రియ ఉత్తమపురుష బహువచనము, సర్వనామము బహువచనము, బుద్ధివాచకమును బహువచనమే. ఒక్కడు తన గదిలో కూర్చుండి ఒంటరిగ జపించినను తనకొక్కనికే బుద్ధి నిమ్మని అడుగుటకు ఆ మంత్రమున చోటు లేదు.

ఇచట సంస్కృతమునకు లేని భేదమొకటి తెలుగునకు కలదు. ఇంగ్లీషునకును అది లేదు. వినువారిని వెలిగా నుంచి చెప్పునది మేము. వినువారిని కలుపుకొని చెప్పునది మనము. ఇంటికి వచ్చిన అతిథితో "మేము భోజనము చేయుదుము" అన్నచో ఆయన వీధి అరుగుపై కూర్చుండవలసినదే. "మనము భోజనము చేయుదము" అన్నచో ఆయనకును ఆకు వేసినట్లే. గాయత్రికి తెలుగున అర్థము చెప్పువారు "మా బుద్ధులను" అని చెప్పుట వాడుక. దేవుని నీవని పిలిచి అడుగునపుడు మా యనుటయే తగును. ఆయన మన గుంపులోనివాడు కాడు గదా. కాని ఈ ఋక్కులో ఆయనను నీవని పిలుచుట లేదు. ఆయన ప్రేరేపించుగాక యని ప్రథమపురుషమున చెప్పుట కలదు. అట్లయినచో ఈ మాట వినుచున్నదెవరు? ప్రక్కన నిలిచినవారు. ప్రక్కవారితో చెప్పు మాటయైనచో "మన బుద్ధులను" అనుటకు వ్యాకరణము అడ్డురాదు. అడ్డువచ్చునది ఆచారమొక్కటే.

ఈ విచారము మాకు గ్రంథములవలన కలుగలేదు. మా యింటనే పుట్టినది. మా కుమారునకు ఉపనయనమైన పదునైదు దినములకు ఒక సాయంకాలము అతనికి ఈ మంత్రమునకు ప్రతిపదార్థము చెప్పుచుంటిమి. అతనికంటె మూడేండ్లు పెద్దదియగు మా కుమార్తె గడపకడ కూర్చుండి విని, "నాన్నగారూ, 'మా' అంటే ఎవరెవరు? అందులో నేనున్నానా?" అని అడిగినది. మేము నోరు తెరువకమునుపే తమ్ముడు, "నువ్వు లేవు" అనినాడు. వాడు ఏ స్మృతియు చదివి చెప్పలేదు. పదునైదు దినములుగ ఇంట తాను చూచినదే చెప్పినాడు. పిల్లలకు మొదటి స్మృతి ఇల్లే.

ఆ బాలిక ప్రశ్నకు స్మృతులలో సమాధానము లేకపోలేదు. స్త్రీకి వివాహమే ఉపనయనముతో సమానమనియు, భర్తసేవ గురుకులవాసమునకును ఇంటిపని అగ్నికార్యమునకును బదులనియు మనుస్మృతి నిర్ణయించినది. శూద్రులని పేరుపెట్టి ఈ దేశపు జనములో పెద్దభాగమును ఆ మంత్రమునకు వెలిచేసినదియు స్మృతులే. కాని సంప్రదాయమునకు ఒక్కటే గొంతుక లేదు. స్త్రీలలో బ్రహ్మవాదినులనియు సద్యోవధువులనియు రెండు తెగలు కలరనియు, మొదటివారికి ఉపనయనమును వేదాధ్యయనమును కలవనియు హారీతుడు చెప్పినట్లు ధర్మశాస్త్ర నిబంధనకారులే ఉదాహరించిరి. ఋగ్వేదమున వేకువయే ఒక స్త్రీ. ఉషోదేవిని స్తుతించు సూక్తములు ఇరువది వరకు కలవు. అయిదవ మండలమున 28వ సూక్తమునకు అత్రివంశమున పుట్టిన విశ్వవారను ఋషికగా సంప్రదాయము చెప్పుచున్నది. వేకువ వేళ వెలిగించిన అగ్నికెదురుగ నమస్కారములతో, నేయి నింపిన స్రుక్కుతో తూర్పుమొగముగ సాగు చిత్రము ఆ సూక్తమున తొలి ఋక్కులోనే యున్నది. స్త్రీమూర్తియగు ఉషస్సును కొలువవచ్చును, స్త్రీ దర్శించిన సూక్తమును వల్లించవచ్చును, స్త్రీమాత్రము తూర్పునకు తిరిగి ఆ మాట పలుకరాదనుట మాకు పొసగలేదు.

అయినను మా యింట తీర్పు చెప్పవలసినవారు హారీతుడును విశ్వవారయు కారు. డెబ్బదియేండ్లు దాటిన మా తల్లిగారు. ఆమె సంగతి విని, "ఆడపిల్లకి ఇవన్నీ ఎందుకు నాయనా? రేపు పెళ్ళి కావలసిన పిల్ల. నలుగురూ ఏమంటారు?" అనిరి. ఈ మాటను మూఢవిశ్వాసమని త్రోసివేయుట సులభము. కాని ఆమె భయము శాస్త్రమునకు సంబంధించినది కాదు. మనుమరాలి బ్రతుకునకు సంబంధించినది. ఆ భయమును ఎగతాళి చేయువాడు సంస్కర్త కాడు.

మా తల్లిగారికి సుందరకాండ పారాయణము నిత్యవిధి. కావున మేము వాదింపక, పదునాలుగవ సర్గను తీసి ఆమెకు చదివి వినిపించితిమి. అశోకవనమున చెట్టుపై దాగి కూర్చున్న హనుమంతుడు అచటి నిర్మలమైన ఏటిని చూచి ఏమనుకొనినాడు? సంధ్యయందు మనసుగల జానకి సంధ్యావిధికొరకు తప్పక ఈ ఏటికి వచ్చునని తలచినాడు. ఆమెను లంకలో వెదకి వెదకి అలసినవానికి ఆ తలంపే ఆశ యైనది. రావణుని చెరలోనున్నను సీత సంధ్యను విడువదని ఆయన నమ్మకము. మా తల్లిగారు ఆ ఘట్టమును లెక్కలేనన్ని మారులు చదివినవారే. కొంతసేపు ఊరకుండి, "సీతమ్మవారు వార్చిన సంధ్య నా మనుమరాలు వార్చుకుంటే నేనెందుకు వద్దంటాను? నలుగురికీ మాత్రం నువ్వే చెప్పుకో" అనిరి.

నలుగురికిని చెప్పుకొనవలసియే వచ్చినది. ఒక దగ్గరి బంధువు మా యింట భోజనము మానినారు. సంబంధములు మాటలాడువారి చెవిని ఈ వార్త వేయుదుమని మరియొకరు హితముగనో బెదిరింపుగనో చెప్పిరి. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతువివాహము జరిపించినపుడు దానికి తోడుపడినవారు పడిన బహిష్కారము ముందర ఇది ఎంత? ఐనను కష్టము మాది మాత్రమే కాదు గనుక, కుమార్తెకు ఉన్నదున్నట్లు చెప్పి, నిర్ణయము ఆమెకే విడిచితిమి. ఆమె అంతయు విని, "నాకు తెల్లవారకుండా లేవడమే కష్టం నాన్నగారూ. తక్కినవి కష్టం కాదు" అనినది. మేము ఆమెకు మంత్రమును చెప్పితిమి. చెవిలో కాదు, తూర్పుగది తలుపు తెరచి, తమ్ముడు వినుచుండగా.

ఇంతటితో సంగతి ముగిసినదనుకొంటిమి. ముగియలేదు. మరునాటి వేకువను అందరమును పెరటిలో నిలిచి చూడగా, ఒకరు తక్కువైరి. పిల్లల తల్లి వంటయింటనుండిరి. పిలువగా, "ఆయన వచ్చే వేళకి నాకు పాలు పొంగుతుంటాయి. ఒక్క దండం పెట్టి లోపలికి పోతాను. ఇరవై ఏళ్ళనుంచీ అంతే" అనిరి. మాటలో నిష్ఠురము లేదు. ఉన్నదున్నట్లు చెప్పుట మాత్రమే. మంత్రాధికారమును గూర్చి మనము వేయి పుటలు వ్రాయవచ్చును. కాని పొయ్యికడ నుండి కదలుటకు వీలులేనివారికి ఆ అధికారమువలన ఏమి లాభము?

మన యిండ్లలో పురుషుడు ప్రశాంతముగ సంధ్య వార్చుటకు వెనుక ఎవరి చేతులున్నవో చూడుడు. పంచపాత్రను చింతపండుతో తోమి తళతళలాడునట్లు ఉంచినవారెవరు? మడిపంచె ఎవరును తాకకుండ దండెముపై ఆరవేసినవారెవరు? కుళాయిలు రాక పూర్వము నూతినుండి ఆ అర్ఘ్యజలమును తోడినవారెవరు? వాకిట కల్లాపి చల్లి ముగ్గు పెట్టినవారెవరు? నీరు చల్లుట, నేలను శుద్ధిచేయుట, బియ్యపుపిండితో ముగ్గువేసి చీమకు పిచ్చుకకు ఇంత ఆహారముంచుట, రాబోవు దినమునకు గడపకడ స్వాగతము చెప్పుట, ఇవియును మార్జనమే, అర్ఘ్యమే. మంత్రము లేదు గనుక దానికి కర్మ యను పేరు రాలేదు. పని యను పేరు వచ్చినది.

రథసప్తమినాడు చూడుడు. ఆనాడు తలపైని, భుజములపైని జిల్లేడాకులుంచుకొని స్నానము చేసి, సూర్యునకెదురుగ పిడకల దాలి పేర్చి, క్రొత్తబియ్యముతో పరమాన్నము వండి, చిక్కుడాకులలో నైవేద్యము పెట్టుదురు. చిక్కుడుకాయలకు పుల్లలు గ్రుచ్చి రథము చేయుదురు. పాలు పొంగి దాలిలో పడుటయే ఆనాటి శుభము. వండువారు స్త్రీలే. ఆ ఒక్కనాడు పాలు పొంగుట పూజ. తక్కిన దినములలో మాత్రము అది పూజకు అడ్డమా? ధనుర్మాసమున వేకువనే లేచి కన్యలందరును ఒకరినొకరు మేలుకొలుపుకొనుచు వ్రతమునకు పోవు తీరును గోదాదేవి ముప్పది పాశురములలో పాడినది. ఆ నెల తిరుమలలో సుప్రభాతమునకు బదులుగ ఆమె తిరుప్పావైయే వినబడును. వైకుంఠనాథుని మేలుకొలుపుటకు ఒక ఆడుపిల్ల గొంతు పనికివచ్చినది. అందును తానొక్కతెయే పోవలెనని ఆమె కోరలేదు. నిద్రించుచున్న ప్రతి చెలి వాకిట నిలిచి పిలిచి, వెంటగొని పోయినది.

కావున మా యింట ఏర్పాటు మార్చుకొంటిమి. పాలు కాచుటయు కాఫీ కలుపుటయు మా వంతు. కల్లాపియు ముగ్గును కుమారుని వంతు. రాత్రి అంట్లు రాత్రియే తోమి బోర్లించుట అందరి వంతు. ముగ్గు వంకరటింకరగ వచ్చుచున్నది, వీధివారు నవ్వుచున్నారు, వాడును నవ్వుచున్నాడు. ఒకనాడు పాలు విరిగిపోయినవి. కాని ఆ 22 నిమిషములలో పది నిమిషములైన పిల్లల తల్లి పెరటిలో తూర్పువైపు చూచుచు ఊరక నిలుచుచున్నారు. ఆమె మంత్రము చెప్పరు, చెప్పవలెనని మేమడుగలేదు. ఏ పనియు చేయక నిలుచుటకు ఆమెకు ఇరువదియేండ్ల తరువాత వేళ దొరకినది. అదియే ఆమె ఉపస్థానమని మేము భావింతుము.

ఇల్లు దాటి చూచినచో, సూర్యుని నిత్యము ఎదురుకొనువారు మనకంటె వేరెవరో కలరు. మేము తలుపు తీయునప్పటికే వీధి ఊడ్చు స్త్రీ సగము వీధి ముగించియుండును. మేడలమీద వెలుగు పడినపుడు ఆమె చీపురు చంకనిడుకొని, తూర్పునకు ఒక్కమారు చేతులు జోడించి, మరల పనికి వంగును. ఇడ్లీబండివాడు పొయ్యి ముట్టించి అగరువత్తి త్రిప్పి, బోణీ డబ్బులు కన్నులకద్దుకొనును. బస్సు నడుపువాడు చక్రమును తాకి కన్నులకద్దుకొని గాని బండి కదల్పడు. మసీదునుండి వినబడు తెల్లవారుజామటి అజానులో, నిద్రకంటె నమాజు మేలని చెప్పు మాట ఒకటి అధికముగ చేరును. ఆ నమాజు ప్రొద్దు పొడువకమునుపే ముగియవలెను. వీరెవరును గాయత్రిని ఉపదేశము పొందలేదు. వీరి నమస్కారము మూడు క్షణములు, మా జపము అరగంట. ఏది గొప్పదో తూచుట మా పని కాదు. కాని "మన" యను మాట నిజమైనచో వీరందరును అందున్నారు. వీధి ఊడ్చు నామె బుద్ధియు వికసింపవలెనని వేకువనే ప్రార్థించి, ప్రొద్దెక్కిన తరువాత ఆమె బిడ్డ మా బడిలో వెనుక బల్లపై కూర్చుండుట చూచి ఊరకుండుట మాకు కుదరదు. ప్రార్థన ఆ విధముగ పగటిలోనికి వచ్చి మనలను పట్టుకొనును.

ఇది మేము క్రొత్తగ కనిపెట్టినది కాదు. రామమోహనరాయలవారు గాయత్రిని నిరాకార పరబ్రహ్మోపాసనకు సాధనముగ ఎంచి దానిపై వ్రాసిరి. 1875లో ఏర్పడిన ఆర్యసమాజము స్త్రీలకును ఎల్ల కులములకును వేదమును తెరచినది. రవీంద్రనాథ ఠాకూరుగారు తమ జీవనస్మృతిలో, చిన్నతనమున ఉపనయనమైన క్రొత్తలో ఒకనాడు చదువుగదిలో నేలపై కూర్చుండి గాయత్రిని మననము చేయుచుండగా, పూర్తి అర్థము తెలియకయే కన్నులు నీటితో నిండిన సంగతి వ్రాసికొన్నారు. అర్థము తెలియనిదే మంత్రము వ్యర్థమనువారు ఈ సంగతిని ఆలోచింపవలెను. అర్థము తెలిసికొనుట అక్కరలేదనువారు, ఆ బాలుడే పెద్దవాడై ఆ అర్థమునకై జీవితమంతయు వెదకినాడని ఆలోచింపవలెను.

నవ్వువారితో మాకు ఒక మాట కలదు. మీరు విడిచినది మంత్రమైనచో మాకు చింతలేదు. ఆ వేళను కూడ విడిచినారా? నేడు వసతికళాశాలలలో తెల్లవారుజామున గంట కొట్టి పిల్లలను లేపుచున్నారు. కాని వారిని లేపునది తూర్పును చూచుటకు కాదు. మార్కులకై పుస్తకమును చూచుటకు. కిటికీ వెలుపల ఆకాశము ఎఱ్ఱబారి, పసుపై, తెల్లనగుచుండును. పిల్లవాడు దీపపు వెలుతురున సూత్రములు వల్లించుచుండును. బుద్ధిని ప్రేరేపింపుమని అడుగుటకు ఏర్పడిన వేళలో బుద్ధిని తోముచున్నాము. ఏ మతమును ఏ మంత్రమును అక్కరలేదు. పది నిమిషములు ఆ పిల్లవానిని వెలుపలికి వచ్చి నిలువనిండు.

మొదటి పక్షమువారితోను ఒక మాట కలదు. ఎనిమిది గంటలకు కుళాయి ముందర మూడు నిమిషములలో ముగియు సంధ్యను మీరు కాపాడుచున్నారు. దానిని కోరి నిలిచిన ఆడుపిల్లను, అన్యకులజుని అడ్డుచున్నారు. కోరనివానిచే చేయించి, కోరినవారిని తరుముట కాపుదల యగునా? ఆచారము ఇంటి దీపము వంటిది. ఒక దీపమునుండి మరియొక దీపము వెలిగించినచో మొదటిదాని వెలుగు తగ్గదు. తగ్గునని భయపడి తలుపులు మూసికొన్నచో గాలిలేక ఆరునది మొదటి దీపమే.

చదువరులారా, మీ యిండ్లలో ఎవరు జపింపవలెనో, ఎవరు నమస్కరించి ఊరకుండవలెనో మేము నిర్ణయింపము. ఒక్కటి మాత్రము కోరుదుము. రేపు వేకువను మీరు తూర్పునకు తిరిగి నిలిచినపుడు, మీ వెనుక పొయ్యికడ ఎవరున్నారో, వాకిట ఎవరు వంగియున్నారో, గడపకడ ఎవరు వినుచున్నారో ఒక్కమారు చూడుడు. చూచిన పిమ్మట, ఆ ప్రార్థనకు తెలుగున అర్థము చెప్పుకొనునపుడు, "మా" యనవలెనో "మన" యనవలెనో మీరే నిశ్చయించుకొనుడు.